రెండు వరుసల గంజులు

ఢిల్లీ పెద్దలు దేశాన్ని రెండు ముక్కలు చేసేముందు ఒక్కసారి నాగర్‌కర్నూలు వచ్చి మా అవ్వ బాలనాగమ్మ దగ్గర గంజులు కిరాయికి తీసుకుని ఉంటే, పాకిస్తాన్ అనే మాట ఈనాడు ఎవరి నోటా వినపడేది కాదు. ఆ గంజుల్లో వండిన బగారా అన్నం కడుపునిండా తిన్నవాళ్లకు లేచి వేరుపడే ఓపిక ఉండదు. ఈ సంగతి మా ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నదే, ఒక్క అవ్వ తప్ప.

గంజు అంటే అన్నం వండుకునే పాత్ర. అవ్వవి రోజూ పొయ్యిమీదికి ఎక్కే గంజులు కావు. పెద్ద రాగి గంజులు. ఒక్కోదాన్ని బండిలోకి ఎక్కించాలంటే ఇద్దరు మగవాళ్లు కడియాలకు కర్ర దూర్చి మోయాలి. పెండ్లికైనా, చావు దినానికైనా, దర్గా ఉర్సుకైనా ఊరు ఊరంతా వాటిలోనే వండుకునేది. హిందువుల ఇండ్లలో వాటిని గంజులనేవారు, ముసల్మానుల ఇండ్లలో దేగులనేవారు.

వాటిని చేసింది తాత. తాత కంచరి. రాగి రేకును పొద్దస్తమానం సుత్తెతో కొట్టి కొట్టి చుట్టుపక్కల ఇండ్లవాళ్లకు చెవుడు తెప్పించి, చివరకు రెండు వరుసల గంజులు తయారుచేశాడు. వసారాలో కుడిపక్కనున్న వరుస హిందువులకు, ఎడమపక్కనున్నది ముసల్మానులకు. కుడి వరుస కడియాలకు పసుపు పూసి ఉండేది. ఎడమ వరుస కడియాలకు ఆకుపచ్చ గుడ్డపీలికలు కట్టి ఉండేవి. పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, వండిన పాత్రలో అన్నం వండితే హిందువులు ముట్టరు. పోచమ్మ ముందు కోసిన యాటను ఉడికించిన పాత్రలో ముసల్మానులు దావత్ చేసుకోరు. ఎవరి పట్టింపు వారిది. తాత ఇద్దరి పట్టింపులకూ సరిపడా రాగి కొట్టి పెట్టి, విషజ్వరం వచ్చి పోయాడు.

మరుదులు పాలు పంచుకున్నారు. సగం గంజులు బండికెత్తుకుని వనపర్తిలో కాపురం పెట్టారు. అవ్వకు నాలుగు గంజులు, ఇంకా పాలు మరవని కొడుకు, ఒక ముక్కుపొడి డబ్బా మిగిలాయి. ఆ పాలు మరవనివాడే మా నాయన. నాలుగు గంజులకు ఒకటే వరుస అవుతుంది. ఒకటే వరుస అయితే ఊళ్లో ఏదో ఒక వైపువాళ్లు అవ్వ గడప తొక్కరు. సగం ఊరు తొక్కకపోతే ఆమె పొయ్యిమీద చిన్న గంజు కూడా ఎక్కదు. అందుకని అవ్వ పాలు పంచుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. హిందువుల ఇంటినుంచి బండి వచ్చేసరికి నాలుగింటికీ పసుపు ఉండేది. ముసల్మానుల ఇంటినుంచి బండి వచ్చేసరికి ఆ నాలుగింటికే పచ్చ పీలికలు ఉండేవి. రెండో వరుస ఏదమ్మా అని ఎవరైనా తొంగిచూస్తే, కల్వకుర్తి పోయింది అనేది.

అవ్వ నోట్లో ఆ గంజులు తిరిగినన్ని ఊళ్లు జంగమయ్యలు కూడా తిరిగి ఉండరు. కల్వకుర్తి పోయేవి, ఉప్పునుంతల పోయేవి, గద్వాలలో ఎవరో దొరగారి ఇంట్లో ఉండిపోయేవి. రెండు వైపులా ఒకే రోజు పెండ్లి పడితే అబద్ధం ఇంకా దూరం పోవలసి వచ్చేది. ఒకసారి రాయచూరు దాకా పోయింది. అక్కడినుంచి గంజులు తిరిగివచ్చేదాకా ఆగలేక ఒక పెండ్లివారు ముహూర్తమే మార్చుకున్నారు.

ఇది మోసం కదా అంటే అవ్వ ఇప్పటికీ ఒప్పుకోదు. ఒక ఇంటినుంచి వచ్చిన గంజు ఇంకో ఇంటికి పోయేలోపల అగ్గి చూడాలి. అది ఆమె పెట్టుకున్న కట్టుబాటు. అగ్గి చూపించేవాడు రాగి పాత్రలకు కళాయి పూత వేసే గౌస్ పాషా. మా ఇంటి వెనక గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదుతూ గంజును ఎర్రగా కాల్చేవాడు. లోపల నవసాగరం పొడి చల్లి గుడ్డతో తోమితే తెల్లటి పొగ గుప్పున లేచేది, పెరట్లో కోళ్లన్నీ తుమ్మేవి. ఆ వేడిమీదనే తగరం ముక్క రాసి, దూదిపింజతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా అద్దంలా మెరిసేది. అప్పుడు అవ్వ వచ్చి వేలి కణుపుతో కొట్టి, మోత విని, లోపలికి తల దూర్చి వాసన చూసేది.

నాలుగు గంజుల సంగతి ఊళ్లో తెలిసినవాడు ఆ గౌస్ పాషా ఒక్కడే. మొదట్లో అతనికీ మనసొప్పలేదు. అక్కా, ఇది జర ఆలోచించు అన్నాడట. అవ్వ అప్పుడే కళాయి వేసిన గంజు అతని ముందుకు జరిపింది.

"అగ్గిల గింతసేపు కాలినంక పాత కూరది ఒక్క మరక చూపియ్ గౌసూ. చూపిస్తే నాలికతోని నాకుత, ఈ పనే ఇడిసిపెడ్త."

గౌస్ పాషా చాలాసేపు చూశాడు. చూపించలేకపోయాడు. ఆ రోజునుంచి అతను నోరు విప్పలేదు. ఏండ్లు గడిచాయి. హైదరాబాదు పట్నంలో హిందూ ముస్లిం గొడవలు జరిగిన మరుసటి ఏడు, అంటే ముప్పై తొమ్మిదిలో, మా ఊరికి ఇత్తెఫాఖ్ కమిటీ వచ్చింది.

ఇత్తెఫాఖ్ అంటే ఐకమత్యం. పట్నంలో తలలు పగిలిన కబుర్లు విని, ఆ గాలి ఇక్కడికి రాకముందే ఏదో ఒకటి చేయాలని ఊరి పెద్దలు రెండు వైపులనుంచీ కూడి ఈ కమిటీ వేసుకున్నారు. దాన్ని నడిపింది దేవరాజు వకీలు. ఆయన రాయచూరు దగ్గరి గట్టు ఊరివైపునుంచి వచ్చిన లింగాయతు. మంచి మనిషి, మాట మాత్రం పొడవు. ఒకరి పండుగకు ఒకరు ఇంటికి పోవాలని, ఒకరి గురించి ఒకరికి ఉన్న అనుమానాలు అడిగి తీర్చుకోవాలని ఆయన తీర్మానాలు చేయించాడు. జనం పోయారు కూడా. కాని ఒకరింట్లో వండింది ఇంకొకరు తినరు కనుక, పోయినవాళ్లందరికీ అరటిపండ్లే పెట్టారు. పండు తొక్క లోపల ఉంటుంది కనుక ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ ఏడు రంజానుకూ, దసరాకూ ఊళ్లో అరటిపండు దొరకలేదు. ఐకమత్యం ఎంత పెరిగిందో తెలియదు కానీ మేకలు మాత్రం తొక్కలు తిని బలిశాయి.

దేవరాజు వకీలుకు విసుగొచ్చింది. ఇన్నాళ్లూ పండ్లు తిన్నాం, ఇక అన్నం తిందామన్నాడు. ధాన్యం గోదాం ముందున్న జాగాలో ఊరంతా కలిసి ఒక పూట భోజనం. మాంసం లేదు. బగారా అన్నం, పప్పుచారు, వంకాయ కూర. హిందువుల తరఫున వంట మల్లన్న, ముసల్మానుల తరఫున అమానుల్లా వండాలి. ఇంతవరకూ అందరూ తల ఊపారు. ఏ గంజుల్లో వండాలి అన్న దగ్గర కమిటీ చీలింది. మా వరుసలో అంటే మా వరుసలో అన్నారు. ఐకమత్యం గంజుల దగ్గర పగిలేటట్టు కనిపించింది. అప్పుడు వకీలుకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. రెండు వరుసలూ తెప్పిద్దాం, పసుపు గంజులూ పచ్చ పీలికల దేగులూ పక్కపక్కనే పొయ్యిలమీద పెట్టిద్దాం, ఊరు కండ్లారా చూస్తుంది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టి, ఆ చప్పట్ల ఊపులోనే అవ్వ ఇంటికి నడిచారు.

అవ్వ గడపలో నిలబడి విన్నది. వెంటనే, ఒక వరుస కల్వకుర్తి పోయిందనేసింది.

"ఎప్పుడొస్తయో చెప్పు బాలనాగమ్మా. అవి వచ్చిన దినమే భోజనం. తారీకు నువ్వే పెట్టు" అన్నాడు వకీలు.

అన్నేండ్లుగా ఆదుకున్న కల్వకుర్తి ఆ పూట చేయిచ్చింది. పై ఐతారం అని అవ్వ నోటినుంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. వాళ్లు పోయాక గడపమీదనే కూలబడింది. ముక్కుపొడి పీల్చడం కూడా మరిచిపోయింది. అది ఎంత పెద్ద సంగతో మా ఇంట్లో వాళ్లకే తెలుస్తుంది.

నాలుగు గంజులే ఉన్నాయని తెలిస్తే ఏమవుతుందో ఆమె ఎవరినీ అడగనక్కరలేదు. ఊరిలో సగం ఇండ్లు మమ్మల్ని చెడగొట్టావంటాయి, మిగతా సగం ఇండ్లు మమ్మల్ని కూడా అంటాయి. గంజు మళ్లీ గడప దాటదు. కొడుకు అప్పుడప్పుడే సుత్తె పట్టుకుంటున్నాడు. ఆ రాగి తప్ప ఇంట్లో ఇంకో ఆధారం లేదు.

వనపర్తికి మనిషిని పంపింది. ఒక్క పూటకు గంజులియ్యండి, కాళ్లు మొక్కుతాను అని చెప్పించింది. మరుదులు ఆ గంజులను ఎప్పుడో కరిగించి బిందెలు చేసి అమ్ముకున్నారట. మనిషి ఆ కబురుతో, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

శనివారం పొద్దున గౌస్ పాషా వచ్చి కొలిమి పెట్టాడు. సంగతి విని తిత్తి ఊదడం ఆపేశాడు. రెండింటికి పసుపు పూద్దాం, రెండింటికి పీలికలు కడదాం, రెండేసి ఉన్నా వరుసే కదక్కా అన్నాడు. మిగతావి ఏవని ఎవరైనా అడిగితే ఒక్క పూట భోజనానికి ఇవి చాలు అనవచ్చు. అంతా బాగానే ఉంది కానీ సొట్ట గంజు ఉంది.

సొట్ట గంజు తాత చేసిన వాటిలో అన్నిటికన్నా పెద్దది. ఎప్పుడో బండిమీదనుంచి పడి పక్కన పెద్ద సొట్ట పడింది. అడుగు మాత్రం మందం. ఎంత మంట పెట్టినా అన్నం మాడదు, మెతుకు మెతుకూ విడిగా వస్తుంది. మల్లన్న ఆ గంజు లేకుండా పెండ్లి ఒప్పుకోడు. పొయ్యిమీద పెట్టేముందు పాడిబర్రెను నిమిరినట్టు ఆ సొట్టమీద నిమురుతాడు. అమానుల్లా కూడా అంతే, సొట్ట దేగు లేకపోతే బిర్యానీ తన పూచీ కాదంటాడు. అది తమదేనని ఇద్దరికీ నమ్మకం. ఇద్దరూ ఏనాడూ ఒక పొయ్యి దగ్గర నిలబడలేదు కనుక ఆ నమ్మకం ఇన్నాళ్లూ ఎవరికీ అడ్డం రాలేదు.

సొట్ట కొట్టి సరిచేస్తే రాగి చీలుతుంది. ఇంట్లో దాచేస్తే ఇద్దరూ అడుగుతారు. చివరకు అవ్వ దానికి పసుపు పూసింది. అమానుల్లాతో, మీ సొట్ట దేగుకు చిల్లి పడింది అని చెబుదామనుకుంది.

ఐతారం పొద్దున గోదాం ముందు నాలుగు పొయ్యిలు తవ్వారు. జనం వంట మొదలుకాకముందే చేరారు. దేవరాజు వకీలు తల్లి రేణుకమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆమె ఇంటిబయట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. లింగపూజ చేసుకుని, సొంత చెంబుతో వచ్చి, గూడుబండి దిగకుండా లోపలినుంచే చూస్తూ కూర్చుంది. అవ్వ చిల్లి సంగతి చెప్పడానికి అమానుల్లాను వెతుకుతుండగానే అతను నేరుగా మల్లన్న పొయ్యి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"మల్లన్నా, మా దేగు మీద పసుపెవరు పూసిండ్రు?"

మల్లన్న తలెత్తి చూశాడు. "మీ దేగేంది? నా పెండ్లినాటినుంచి దీంట్లనే వండుతున్న."

"గీ సొట్ట నేనెరుగనా. నా బిడ్డ నిఖా దీంట్లనే అయింది."

"నీ బిడ్డ నిఖా ఇంకోదాంట్ల అయిందేమో. నాకు తెల్వదు. దీని సొట్ట నా చెయ్యికి తెలుసు."

ఇద్దరూ చెరో కడియం పట్టుకున్నారు. వెనక మనుషులు చేరారు. దీంట్లో మా దావత్ వండారా అని ఒకవైపు, దీంట్లో మా యాట ఉడికిందా అని ఇంకోవైపు గొణుగుడు లేచింది. పోట్లాటలు రాకుండా పెట్టిన భోజనానికి పొయ్యి అంటుకోకముందే పోట్లాట అంటుకునేటట్టుంది.

దేవరాజు వకీలు అక్కడికి వచ్చాడు. గంజులను చూశాడు, పట్టుకున్న ఇద్దరినీ చూశాడు, అవ్వ ముఖం చూశాడు. కోర్టు మనిషి కదా, అరనిమిషంలో అర్థమైంది. కోపం రాలేదు. అదే భయంకరం. ముఖం చవితినాటి చంద్రుడిలా వెలిగిపోయింది. అవ్వను పక్కకు పిలిచి, ఊపిరాడనంత సంతోషంతో, ఒకటే వరుస కదా అన్నాడు. ఇన్నేండ్లు రెండు వైపులా ఒకే గంజులో తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు, వంద ఉపన్యాసాలకన్నా ఇది పెద్ద రుజువు, ఇప్పుడే బల్ల ఎక్కి చెబుతాను, నీ పేరు చరిత్రలో ఉంటుంది అన్నాడు.

అవ్వకు చరిత్ర అంటే ఏమిటో తెలియదు. సోమవారం పొయ్యిమీద ఏమెక్కుతుందో తెలుసు. బల్లవైపు తిరిగిన వకీలు చొక్కా కొసను పట్టుకుంది. అంతకుముందు ఏ మగవాడి బట్టనూ ఆమె అట్లా పట్టుకుని ఉండదు.

"చెప్పు సాబ్. గట్లనే మీ చెల్లె పెండ్లి ముచ్చట కూడా చెప్పు. గా పెండ్లికి పోయినయి గీ గంజులే. గంతకు ముందు అవి ఎవరింట్ల ఏం వండుకొచ్చినయో, మీ అమ్మకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

వకీలు ఆగిపోయాడు. ఊరందరి సంగతీ ఆలోచించాడు కానీ తన చెల్లెలి పెండ్లి కూడా ఊళ్లోనే జరిగిందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆ పెండ్లిలో రేణుకమ్మ రెండోసారి పులిహోర పెట్టించుకుని తిన్నది. సరిగ్గా అప్పుడే గూడుబండిలోనుంచి, పాత్రల దగ్గర గొడవేమిటని కన్నడం కలిపి అడుగుతూ ఆమె గొంతు వినిపించింది.

"ఏనాయ్తో దేవరాజూ? పాత్రెల కాడ ఏం జగళ?"

"ఏమీ లేదమ్మా" అన్నాడు వకీలు. ఆయన జన్మలో అంత పొట్టి మాట అదొక్కటే.

కానీ కడియాలు పట్టుకున్నవాళ్లు వదలలేదు. వకీలు నోరు మూతపడింది, ఊరి నోరు తెరుచుకునే ఉంది. అప్పుడు గౌస్ పాషా మసిచేతులతో జనంలోనుంచి ముందుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. తప్పు తనదే అన్నాడు. రెండు వరుసలూ నిన్న ఒక్కచోటే వేసి కాల్చాననీ, అగ్గిలో పసుపూ పీలికలూ పోయాయనీ, తిరిగి గుర్తులు పెట్టేటప్పుడు ఏది ఎవరిదో తనకే తెలియలేదనీ, అక్కకు చెప్పడానికి భయపడ్డాననీ అన్నాడు. సొట్టవి రెండున్నాయనీ, అందులో ఒకటి చిల్లి పడి కొలిమి దగ్గర ఉందనీ, ఇది వీరిదో వారిదో ఖుదాకే తెలుసనీ అన్నాడు.

"కళాయి మాత్రం కొత్తది. లోపల చూసుకోండ్రి" అని ముగించాడు.

ఇద్దరు వంటవాళ్లూ లోపలికి తలలు దూర్చారు. తళతళమనే తగరంలో ఇద్దరి ముఖాలూ కనిపించాయి. ఇది నాది కాదు అంటే ఆ గంజు పక్కవాడికి పోతుంది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. మల్లన్న ఇంకోసారి సొట్టమీద నిమిరి, నూనె పోయండ్రి అన్నాడు. అమానుల్లా, నూనె కాదు ముందు నెయ్యి అన్నాడు. అక్కడినుంచి వాళ్ల పోట్లాట షాజీరా మీదికి పోయింది, అది భోజనాలయ్యేదాకా తెగలేదు.

ఊరు తిన్నది. మొదట కొందరు పక్కవాళ్లు తింటారా లేదా చూద్దామని కూర్చున్నారు. పక్కవాళ్లూ అందుకే కూర్చున్నారు. వాసన వచ్చాక చూడడం మానేశారు. వకీలు బల్ల ఎక్కి, ఐకమత్యం మంచిది అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు. ఉపన్యాసం అంత చిన్నగా అయినందుకే భోజనం బాగా జరిగిందని ఊళ్లో చాలామంది ఇప్పటికీ అంటారు.

గౌస్ పాషాకు మాత్రం నష్టమే జరిగింది. ఎవరి పాత్ర ఎవరిదో తెలియని మనిషని చెప్పుకుని, చాలా ఇండ్లవాళ్లు వాళ్ల వంట బగోనెలు కల్వకుర్తి కళాయివాడికి ఇచ్చారు. అవ్వ అతనికి మేలు చేశావని ఒక్క మాట చెప్పలేదు. ఆమెకు అట్లాంటి మాటలు రావు. అతని భార్య కుల్సుమ్‌బీ కాన్పుకు మాత్రం వారం రోజులు అవ్వే వాళ్లింట్లో ఉండి వండిపెట్టింది. నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ జరిగి, ముసల్మానులమీద దాడులవుతాయని ఊరంతా భయపడి తలుపులు వేసుకున్న రోజుల్లో గౌస్ పాషా, కుల్సుమ్‌బీ, పిల్లలు మా వసారాలో, ఎడమ వరుస ఉండాల్సిన జాగాలో ఉన్నారు. ఎవరో వచ్చి కళాయివాడి సంసారం ఎక్కడ అని అడిగారు. అవ్వ గడపకు అడ్డంగా కూర్చుని ముక్కుపొడి పీలుస్తూ, కల్వకుర్తి పోయిండ్రు అన్నది.

కమిటీ అంతకుముందే పోయింది. యుద్ధం వచ్చి, బియ్యానికి కంట్రోలు వచ్చాక ఊరంతటికీ భోజనం పెట్టే తాహతు ఎవరికీ లేకపోయింది. దేవరాజు వకీలు అవ్వను ఎక్కడ చూసినా తల వంచుకుని పోయేవాడట. గంజులు మాత్రం నాలుగూ ఉన్నాయి. వసారాలో వరుసలూ రెండున్నాయి.

ఇదంతా రాసి, దేశం విడిపోయేది కాదన్న మొదటి మాటనుంచి చివరిదాకా అవ్వకు చదివి వినిపిస్తే, ఆమె మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. ముక్కుపొడి డబ్బా మూత బిగించి పక్కన పెట్టింది.

"వకీలుకన్న ఆగమోనివిరా నువ్వు. ఐతారం నాడు గంజులు మల్లన్న మనుమరాలి పెండ్లికి పోవాలె. గా కాయిదాలు పొయ్యిల పెట్టి, పోయి పసుపు కలుపు."